రిజర్వ్ పడితే.. ఇంకెంత దూరం?

పాత బైకులు నడిపిన నాన్ననో, మామయ్యనో అడిగి చూడండి. రిజర్వ్ అంటే ఏంటో కథలు కథలుగా చెబుతారు. బండి దగ్గుతూ ఆగబోతుంటే ట్యాంకు కింద ఉన్న నాబ్‌ను తిప్పేవారు. ఇంక లీటరో, లీటరున్నరో మిగిలిందని అర్థం. బంకు ఎంత దూరంలో ఉందో, ఉన్న పెట్రోలుకు బండి ఎక్కడిదాకా లాగుతుందో.. లెక్కంతా నడిపేవాడి బుర్రలోనే జరిగేది. అదీ అయిపోతే బండిని ఓ పక్కకు వంచి, అడుగున ఉన్న నాలుగు చుక్కల్నీ కార్బురేటర్ వైపు పంపడం ఆఖరి అస్త్రం.

ఇప్పుడు ఆ లెక్క కారే చేసేస్తోంది. పసుపు రంగులో బంకు బొమ్మ వెలుగుతుంది. పక్కన ‘62 కి.మీ.’ అని అంకె కనిపిస్తుంది. నడిపేవారు దాన్ని నమ్మి బంకు దాటేసి వెళ్లిపోతారు. ఆ 62ను ఎవరో ఒక ఇంజినీరు లెక్కగట్టాడు. ఎంత దగ్గర ‘ఇక జాగ్రత్త’ అని హెచ్చరించాలో ఇంకెవరో నిర్ణయించారు. మెకానికల్, ఈఈఈ, ఈసీఈ చదువుతూ ‘కోర్‌లో ఉద్యోగాలెక్కడున్నాయి సార్’ అని అడిగే విద్యార్థులకు ఇదే సమాధానం మొదలుపెట్టడానికి మంచి చోటు. ఆ చిన్న అంకె వెనక సెన్సర్ ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, మనిషి మనస్తత్వం ఉంది. హైబ్రిడ్ కార్లు వచ్చాక ఆ లెక్క మరింత చిక్కుగా మారింది.

కొలిచేది కాదు.. ఊహించేది

ముందు ఒక విషయం తేల్చుకుందాం. మిగిలిన పెట్రోలును కారు కొలుస్తుంది. మిగిలిన దూరాన్ని కొలవలేదు, ఊహిస్తుంది. రెండింటికీ తేడా తెలియకపోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతారు.

ట్యాంకులో ఒక తేలే బెండు, దానికో చేయి, ఆ చేయి కదిలేకొద్దీ మారే రెసిస్టెన్స్. చాలా కార్లలో ఇంధన మట్టాన్ని చెప్పేది ఇంతే. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న పొటెన్షియోమీటరే. కానీ ట్యాంకు మన లంచ్ బాక్సులా నలుచదరంగా ఉండదు. సీటు కింద, పొగ గొట్టం పక్కన దొరికిన జాగాలో ఇరికించిన వంకర డబ్బా అది. బెండు ఒక అంగుళం దిగితే పైన నాలుగు లీటర్లు తగ్గొచ్చు, కింద రెండే తగ్గొచ్చు. అందుకే మట్టానికీ లీటర్లకూ మధ్య ఒక పట్టిక తయారుచేసి మెమరీలో పెడతారు. ఇంకో తమాషా ఏంటంటే, చాలా ట్యాంకుల్లో బెండు పైకప్పు దాకా వెళ్లదు. ఫుల్ ట్యాంకు కొట్టించాక ముల్లు చాలాసేపు కదలకుండా కూర్చోవడం, తర్వాత గబగబా దిగడం మీరూ చూసే ఉంటారు. కారణం అదే.

పెట్రోలు స్థిరంగా కూడా ఉండదు. బ్రేకు వేస్తే ముందుకు, మలుపులో పక్కకు, ఎత్తు ఎక్కితే వెనక్కు పోతుంది. బెండు చెప్పిందల్లా ఉన్నదున్నట్లు చూపిస్తే ముల్లు గంగిరెద్దులా తల ఊపుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ రీడింగులను నెమ్మదిగా సగటు చేస్తుంది. చాలా కార్లు మరో పని కూడా చేస్తాయి.. ఇంజెక్టర్లు ఎంత పెట్రోలు చిమ్మాయో లెక్కపెట్టి, బెండు చెప్పినదానితో సరిచూస్తాయి. ఇద్దరు సాక్షులు అన్నమాట. వాళ్లు చెప్పేది వేర్వేరుగా ఉంటే ఎవరిని నమ్మాలి? కారు వాలులో ఆపి ఉంటే? ఇంజిన్ ఆపకుండానే పెట్రోలు పోయిస్తే? ఒక్కో ‘అయితే’కూ ఒక్కో కోడ్ ముక్క రాయాలి.

ఇక దూరం. మిగిలిన లీటర్లను ఇటీవలి సగటు మైలేజీతో హెచ్చిస్తే వచ్చేదే ఆ అంకె. సూత్రం మూడో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. చిక్కంతా ‘ఇటీవలి’ అనే మాటలో ఉంది.

ఒక లెక్క చూడండి. ట్యాంకులో 5 లీటర్లున్నాయి. చదును రోడ్డు మీద వచ్చారు కాబట్టి సగటు 25. తెర మీద 125 కి.మీ. కనిపిస్తోంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టారు. కొండ మీద లీటరుకు పదే వస్తోందనుకోండి. పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక లీటరు ఖర్చయింది, 4 మిగిలాయి. సగటు 18కి పడిపోయింది. తెర మీద ఇప్పుడు 72. అంటే మీరు నడిపింది 10, అంకె తగ్గింది 53! పక్క సీట్లో ఉన్న అమ్మ ‘ఒరేయ్, బంకు దగ్గర ఆగమంటే విన్నావా’ అనడం ఖాయం. దిగేటప్పుడు మళ్లీ తలకిందులు. కాలు యాక్సిలరేటర్ మీద లేకపోయినా అంకె పెరుగుతూ ఉంటుంది.

సగటును చివరి 5 కి.మీ.కి తీసుకుంటే అంకె కోతిలా గెంతుతుంది. చివరి 500 కి.మీ.కి తీసుకుంటే కొండ ఎక్కుతున్న సంగతే దానికి తెలియదు. ఎంత తీసుకోవాలి? దీనికి పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. ఇంటర్వ్యూ చేసేవారికి కావాల్సింది కూడా ఒక అంకె కాదు, మీరెలా ఆలోచిస్తారన్నదే.

బ్యాటరీ ఉంది కదా అనుకుంటే..

హైబ్రిడ్ విషయంలో విద్యార్థుల్లో ఎక్కువగా కనిపించే అపోహ ఒకటుంది. పెట్రోలు అయిపోయినా బ్యాటరీ మీద ఇంటికి వెళ్లిపోవచ్చని. లెక్క వేద్దాం. మన రోడ్ల మీద తిరిగే టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో ఒక యూనిట్ కూడా కాదు. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మంచి ఇంజిన్ అందులో 40 శాతం దాకా చక్రాల వైపు పంపగలదు, అంటే మూడున్నర యూనిట్లు. ఆ లెక్కన బ్యాటరీ మొత్తం కలిపి దాదాపు పావు లీటరు పెట్రోలుకు కూడా సరిపోదు. అందులోనూ బ్యాటరీ పాడవకుండా మొత్తం వాడనివ్వరు. చదును రోడ్డు మీద, నెమ్మదిగా వెళ్తే ఒకట్రెండు కిలోమీటర్లు. అంతే.

పైగా ఈ కార్లలో ఇంజిన్‌ను తిప్పి లేపేది మామూలు స్టార్టర్ మోటారు కాదు. ఆ పెద్ద బ్యాటరీతో నడిచే మోటార్ జనరేటరే ఆ పని చేస్తుంది. మొండిగా బ్యాటరీ మీదే లాగి దాన్నీ ఖాళీ చేశారనుకోండి, క్యాన్‌తో పెట్రోలు తెచ్చి పోసినా ఇంజిన్ లేవకపోవచ్చు. టో ట్రక్కు పిలవాల్సిందే. బైకును వంచినట్టు దీన్ని వంచలేం.

మరి హైబ్రిడ్‌కు రేంజ్ భయం ఎందుకు? కాగితం మీద అసలు ఉండకూడదు. హైరైడర్ హైబ్రిడ్ ట్యాంకు 45 లీటర్లు, పరీక్షల్లో వచ్చిన మైలేజీ 27.97. హెచ్చిస్తే 1,258 కి.మీ. హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లి తిరిగి రావచ్చు. కానీ అది పరీక్ష గదిలో వచ్చిన అంకె. ఏసీ, ట్రాఫిక్, ఐదుగురు మనుషులు, డిక్కీలో సామాను కలిస్తే వచ్చేది వేరు. వారాల తరబడి బంకు ముఖం చూడని యజమానికి ఆ పసుపు దీపం అలవాటు తప్పిపోతుంది. వెలిగినప్పుడు గాభరా ఎక్కువ. కొందరిది మరో రకం.. మైలేజీ బాగా వస్తుందన్న ధీమాతో దీపాన్ని పట్టించుకోరు. ఇద్దరికీ ఒకే అంకెతో నచ్చజెప్పాలి.

ఈ రేంజ్ భయం అనే మాట 1990ల్లో అమెరికాలో పుట్టింది. జనరల్ మోటార్స్ ఈవీ1 అనే ఎలక్ట్రిక్ కారును లీజుకిచ్చిన రోజులవి. ఛార్జింగ్ ఎప్పుడు అయిపోతుందోనన్న దిగులుకు పెట్టిన పేరు. తర్వాత అదే కంపెనీ షెవ్రోలే వోల్ట్‌ను 2010లో మార్కెట్లోకి తెచ్చింది. ఛార్జింగ్ అయిపోతే పెట్రోలు ఇంజిన్ అందుకుంటుంది, మీకు ఆ దిగులు అక్కర్లేదు అన్నదే దాని ప్రచారమంతా. ఒక భయాన్ని పోగొట్టడానికి ఏకంగా ఒక కారునే తయారుచేశారు చూడండి.

అయితే హైబ్రిడ్‌కూ తనదైన తలనొప్పి వచ్చింది. 1997లో జపాన్‌లో మొదలైన ప్రియస్‌ను అమెరికాకు తీసుకెళ్లినప్పుడు టయోటా ట్యాంకు లోపల సాగే సంచి పెట్టింది. పెట్రోలు తగ్గేకొద్దీ సంచి ముడుచుకుంటుంది, పైన ఖాళీ జాగా ఉండదు, ఆవిరి గాల్లో కలవదు. కాలుష్యం పరంగా చక్కని ఆలోచనే. కానీ చలికి సంచి బిగుసుకునేది. ఒకసారి నిండా పట్టేది, మరోసారి తక్కువ పట్టేది. గేజి చెప్పేదానికీ, నిజంగా ఉన్నదానికీ పొంతన కుదరక యజమానులు విసిగిపోయారు. 2009తో ముగిసిన రెండో తరం ప్రియస్ దాకా ఇదే గొడవ. ఒక విభాగం తన సమస్యను అందంగా పరిష్కరిస్తే, ఆ పరిష్కారం పక్క విభాగానికి సమస్యగా మారడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. సిస్టమ్స్ ఇంజినీరింగ్ అంటే ఏంటని అడిగితే నిర్వచనం బట్టీ పట్టి చెప్పకండి, ఈ సంచి కథ చెప్పండి.

సున్నా అంటే నిజంగా సున్నానా?

ఇక్కడ అసలు పేచీ మొదలవుతుంది. తెర మీద ‘0 కి.మీ.’ అని పడినప్పుడు ట్యాంకులో ఎంత ఉంచాలి? ఏమీ లేకుండా చేస్తే, లెక్క కాస్త తప్పినా ఓ కుటుంబం రాత్రివేళ ఔటర్ రింగ్ రోడ్డు మీద, లారీల మధ్య ఆగిపోతుంది. భద్రంగా ఉంటుందని రెండు మూడు లీటర్లు దాచిపెడితే? నాలుగోసారికి నడిపేవాడికి గుట్టు తెలిసిపోతుంది. ‘సున్నా అన్నా ఇంకో నలభై పోతుందిలే’ అంటాడు. అప్పటినుంచి మీ హెచ్చరికకు విలువ లేదు. అబద్ధం చెప్పి కాపాడాలా, నిజం చెప్పి వదిలేయాలా? గ్రూప్ డిస్కషన్‌కు ఇస్తే గంట సరిపోదు. కొన్ని కార్లు ఆఖరి దశలో అంకె చూపడమే మానేసి గీతలు పెట్టేస్తాయి. నా ఓటు దానికే. తెలియనప్పుడు తెలియదని చెప్పే యంత్రం మంచిదే కదా.

మరి ఈ పనిలోకి ఎలా వెళ్లాలి? కార్ల కంపెనీ గేటు ఒక్కటే చూడకండి. మీటర్ల తయారీ ఒక పరిశ్రమే. కోయంబత్తూరులో ప్రైకాల్, చెన్నైలో విస్టియాన్ సాంకేతిక కేంద్రం ఇలాంటివే. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. బెంగళూరులో బాష్, టాటా ఎలెక్సీ, పుణెలో కేపీఐటీ ఈ కోవలోవే. వీటిలో అడిగేది దాదాపు ఒకటే.. సీ భాష మీద గట్టి పట్టు, కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ ప్రొటోకాల్, మ్యాట్‌ల్యాబ్ సిములింక్. మూడూ పైపైన నేర్చుకోవడం కంటే సీ ఒక్కటి లోతుగా రావడం నయం. టెస్టింగ్ అంటే చిన్నచూపు వద్దు. పైన చెప్పిన ‘అయితే’లన్నీ కనిపెట్టేది టెస్టింగ్ వాళ్లే. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు సర్వీసు కేంద్రాల్లో హైబ్రిడ్ పని పెరుగుతోంది. నారింజ రంగు తీగలంటే హై ఓల్టేజీ అని, వాటిని ముట్టేముందు ఏమేం విప్పాలో తెలిసినవారికి విలువ ఉంటుంది. ‘నలభై రోజుల్లో ఈవీ ఎక్స్‌పర్ట్’ అంటూ లక్షలు అడిగే ప్రకటనలు మాత్రం పక్కన పెట్టండి. చేతికి కారు తగలకుండా స్లైడ్లతో నేర్పే కోర్సు రెజ్యూమెలో ఒక లైను తప్ప ఇంకేమీ కాదు.

దానికి బదులు ఈ ప్రాజెక్టు చేసి చూడండి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే చవక అడాప్టర్ ఒకటి కొనండి. పైథాన్‌తో ‘2ఎఫ్’ కోడ్ అడిగితే ఇంధన మట్టం, ‘0డి’ అడిగితే వేగం వస్తాయి. అన్ని కార్లూ మొదటిది చెప్పవు, ముందే చూసుకోండి. మట్టం 0 నుంచి 255 మధ్య అంకెగా వస్తుంది. 45 లీటర్ల ట్యాంకుకు ఒక్కో మెట్టు దాదాపు 0.18 లీటరు. లీటరుకు 20 వచ్చే కారులో ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే దూరంలో మూడున్నర కిలోమీటర్లు తేడా. ఈ సంగతి మీ కళ్లతో మీరు చూశాక ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగైదు ప్రయాణాల డేటా పట్టండి. చివరి 10 కి.మీ. సగటుతో, 100 కి.మీ. సగటుతో, రెండూ కలిపి వేర్వేరుగా అంచనా వేయండి. ఏది ఎక్కడ తప్పిందో గ్రాఫు గీయండి. ఘాట్ రోడ్డు దొరికితే ఇంకా మంచిది. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫు బల్ల మీద పెడితే, తర్వాతి అరగంట ప్రశ్నలన్నీ మీకు తెలిసినదాని మీదే ఉంటాయి.

రెండు జాగ్రత్తలు. ల్యాప్‌టాప్ పట్టుకునేది పక్క సీట్లోవాళ్లే, నడిపేవాళ్లు కాదు. ప్రయోగం కోసమని ట్యాంకును ఆఖరి చుక్కదాకా తోలకండి. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. కారు మీ బాబాయిదైతే ఆ పంపు బిల్లు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి.