నూరేళ్ల కాలనీ... అరవై ఒకటి వరకే!

సెంటినరీ కాలనీ... పేరులోనే నూరేళ్లున్నాయి. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలోని ఈ సింగరేణి కాలనీలో కార్మికుడి గడువు మాత్రం అరవై ఒక్క ఏళ్లే. అదైనా 2021లో కంపెనీ పదవీ విరమణ వయసును ఓ ఏడాది పెంచబట్టి! దిగిపోయాక క్వార్టరు తాళంచెవి అప్పగించాల్సిందే.

కొలువుతో వచ్చిన ఇల్లు కొలువుతోనే పోవడంలో అన్యాయమేమీ లేదు. కొత్తవాళ్లకూ ఇల్లు కావాలిగా! బెంగంతా వాడ గురించే. పక్క క్వార్టరు వదిన, చెట్టు నీడ, నడిచి వెళ్లేంత దూరంలో దుకాణం... సరిగ్గా అవసరమయ్యే వయసులోనే అన్నీ దూరమవుతాయి.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు అనువైన నగరాలెలా ఉండాలో చెబుతూ ఓ మార్గదర్శిని వెలువరించింది. అందుకోసం ఢిల్లీ, ఉదయ్‌పూర్ సహా 33 నగరాల్లో వృద్ధుల్నే అడిగారు. వాళ్లు కోరినవేమీ గొంతెమ్మ కోరికలు కావు. కూర్చోవడానికో బల్ల, కాలు జారని బాట, దగ్గర్లో మరుగుదొడ్డి, పలకరించే మనిషి. షిఫ్టులకెళ్లే కార్మికుల కోసం కట్టిన కాలనీల్లో వీటిలో కొన్ని అడక్కుండానే అమరాయి.

దిగిపోయినవాళ్లు కొందరు సొంతూరు చేరతారు. ఇంకొందరు గోదావరిఖనిలోనే జాగా కొంటారు. సింగరేణి ఏరియా ఆసుపత్రి అక్కడే, స్నేహితులూ అక్కడే. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే... అరవైలో ఇల్లు కట్టేటప్పుడు ఎనభై గుర్తుకురాదు! వాన నీళ్లు రాకుండా ఎత్తు పునాది, వీధిలోకి నిలువు మెట్లు, వెనకెక్కడో స్నానాలగది. ఏళ్ల తరబడి బాయిలో వంగి పనిచేసిన మోకాళ్లకు ఆ మెట్లే గండం. తర్వాత మార్చుకుందామన్నా చేతిలో డబ్బాడదు. 1998 నాటి బొగ్గుగని పింఛను పథకంలో కరువు భత్యం లేదు మరి.

అందుకే ముగ్గు పోసిన రోజే లెక్క చూసుకోవాలి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల ర్యాంపు కావాలి. ఇరుకు సందులో అంత చోటెక్కడిది? ఎత్తు అరడుగైతే ఆరడుగులు చాలు, వాకిట్లోనే సరిపోతుంది. పడకగది కిందే ఉండాలి. స్నానాలగదికి గడప వద్దు, తలుపు మూడడుగుల వెడల్పుండాలి, గోడకో కమ్మీ, కూర్చునే కమోడ్... కట్టేటప్పుడే పెట్టిస్తే పెద్ద ఖర్చేం కాదు.

గుమ్మం దాటాక మాత్రం భారం కార్పొరేషన్‌దే. మురికికాలువపై కదలని మూత, వీధి మలుపులో వేపచెట్టు, దాని కింద వీపు ఆనించుకునే బల్ల. ఎండలకు పేరుమోసిన రామగుండంలో ఆ బల్ల లేకుంటే, మందుల షాపుకని బయల్దేరిన పెద్దాయన సగం దారిలోనే వెనక్కి తిరుగుతాడు.