థానోస్ చిటికె వెనుక 1,200 పేజీలు: సూపర్‌హీరో క్రాస్‌ఓవర్ ఒమ్నిబస్‌ను ఎలా చదవాలి?

కామ్‌రేజ్ (సూరత్): 2018లో వచ్చిన ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ తెలుగు వెర్షన్‌లో థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఇచ్చారు. ఒక్క చిటికెతో విశ్వంలో సగం ప్రాణులు మాయమయ్యే ఆ ఘట్టం తెలుగు ప్రేక్షకులకు బాగా గుర్తుండిపోయింది.

కానీ ఆ చిటికె కాగితం మీద 1991లోనే పడింది. మార్వెల్ సంస్థ ప్రచురించిన ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ ఆ కథకు మూలం. దాన్ని, దానికి ముందూ వెనుకా ఉన్న కథలనూ కలిపి తెచ్చిన ఒమ్నిబస్ 1,200 పేజీలు దాటుతుంది.

సూరత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. నగరంలోనైనా, పక్కనే 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న కామ్‌రేజ్‌లోనైనా, ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ, కాలేజీలో ఇంగ్లిష్‌తో పెరిగిన పాఠకులకు ఇలాంటి పుస్తకంలో భాష పెద్ద అడ్డంకి కాదు. ఇంత లావు పుస్తకాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్నదే చిక్కు.

ఒమ్నిబస్ అంటే ఏమిటి?

ఒకప్పుడు వారపత్రికల్లో వచ్చే సీరియళ్ల పేజీలను చింపి, వరుసగా పేర్చి, బైండు చేయించి దాచుకునేవారు. ఒమ్నిబస్ దాదాపు అలాంటిదే. కాకపోతే ఆ పని ప్రచురణకర్తే, గట్టి అట్టతో, మంచి కాగితం మీద చేస్తాడు.

క్రాస్‌ఓవర్ విషయానికి వస్తే ఇంకో మెలిక ఉంది. ఒకే పత్రికలో పది సీరియళ్లు నడుస్తున్నాయనుకోండి. ఒక నెల ఆ పదింటిలోని పాత్రలూ ఒకే ఆపదలో చిక్కుకుంటాయి. అసలు కథ ఒక ప్రత్యేక సీరియల్‌గా నడుస్తుంటే, మిగతా సీరియళ్లు తమ కథను పక్కనపెట్టి ఆ ఆపదను తమ పాత్రల వైపు నుంచి చెబుతాయి. ఇలాంటి అనుబంధ కథలను ‘టై-ఇన్’ అంటారు.

ఇవి ఎందుకు పుట్టాయి?

రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది వ్యాపారం. 1984లో మొదలైన మార్వెల్ ‘సీక్రెట్ వార్స్’ వెనుక మాటెల్ బొమ్మల కంపెనీతో ఒప్పందం ఉంది. రెండోది ఇల్లు సర్దుకోవడం. దశాబ్దాలుగా పేరుకుపోయిన సమాంతర లోకాల గందరగోళాన్ని తీసేయడానికి డీసీ సంస్థ 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ మొదలుపెట్టింది. ఈ రెండూ 12 సంచికల కథలే.

టై-ఇన్‌లు కూడా కొంటేనే కథ పూర్తిగా తెలుస్తుందన్న భావన కలిగించడం ఈ పద్ధతిలోనే ఉంది. ఒమ్నిబస్ చేతిలోకి తీసుకున్నవారు గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఇందులోని ప్రతి పేజీ కథకు అవసరమై రాసింది కాదు.

ఏ వరుసలో చదవాలి?

‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ అసలు కథ 6 సంచికలే. అంటే సుమారు 250 పేజీలు, మొత్తం పుస్తకంలో ఐదో వంతు.

మొదట ‘సిల్వర్ సర్ఫర్’ 34వ సంచిక నుంచి చదవడం మంచిది. చనిపోయిన థానోస్ 1990లో తిరిగి వచ్చింది అందులోనే. తర్వాత ‘థానోస్ క్వెస్ట్’ రెండు సంచికలు. ఆరు మణులను అతడు ఒక్కొక్కరి దగ్గర నుంచి బలంతోనో యుక్తితోనో ఎలా కాజేశాడో అందులో ఉంటుంది. ఆ తర్వాత ఆరు సంచికలనూ ఆపకుండా చదివేయాలి.

టై-ఇన్‌లను చివరికి వదిలేయవచ్చు. దానికి కారణం కథలోనే ఉంది. ఐదో సంచికలో గాంట్లెట్ నెబ్యులా చేతికి చిక్కుతుంది. ఆమె గడిచిన 24 గంటల్లో జరిగినదాన్నంతా చెరిపేస్తుంది. టై-ఇన్‌లలో జరిగినదానిలో చాలా భాగం ఆ చెరిగిపోయిన రోజుదే. అసలు కథ తెలిశాక, నచ్చిన పాత్ర ఆ రోజు ఎలా గడిపిందో చూడటానికి వాటిని తిరగేస్తే విసుగు రాదు.

సినిమాకు, పుస్తకానికి తేడా ఏమిటి?

సినిమాలో చిటికె ముగింపు. పుస్తకంలో అది మొదటి సంచికలోనే పడుతుంది. సినిమా థానోస్ వనరులు సరిపోవడం లేదని లెక్కలు చెబుతాడు. పుస్తకంలోని థానోస్ మృత్యువును ప్రేమిస్తాడు. స్త్రీ రూపంలో ఉండే ఆ మృత్యుదేవత మెప్పు కోసమే సగం విశ్వాన్ని చంపుతాడు. అయినా ఆమె అతనితో మాట్లాడదు. మణులన్నీ దొరికాక అతడు ఆమెకన్నా పైవాడైపోయాడు, సమానుడు కాలేకపోయాడు.

అన్నీ గెలిచి, కావాల్సిన ఒక్కటీ దక్కని ఈ దుఃఖం రెండున్నర గంటల సినిమాలో లేదు. ఒమ్నిబస్ చదివినందుకు దక్కే అసలు ఫలితం అది.

పేర్ల పేజీని దాటేయొద్దు

ఈ కథ రాసింది జిమ్ స్టార్లిన్. థానోస్‌ను 1973లో సృష్టించింది ఆయనే. బొమ్మలు మొదట జార్జ్ పెరెజ్ వేశారు. నాలుగో సంచిక మధ్యలో ఆ పనిని రాన్ లిమ్ అందుకున్నారు. గీత మారడం చూస్తే నెలనెలా గడువుల మధ్య సాగే ఈ పని ఎంత ఒత్తిడితో కూడుకున్నదో అర్థమవుతుంది.

‘బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్’ సినిమాలో వాడుకున్న తన చిన్న పాత్ర కేజీబీస్ట్‌కు డీసీ ఇచ్చిన సొమ్ము, థానోస్, గమోరా, డ్రాక్స్ ముగ్గురికీ కలిపి తనకు అందినదానికన్నా ఎక్కువని స్టార్లిన్ 2017లో బహిరంగంగా చెప్పారు. తర్వాత ఆయనకు మెరుగైన ఒప్పందం కుదిరింది.

పాత్రల హక్కులు సంస్థవి. ఊహ మాత్రం మనుషులది. సినిమా చివర్లో పరుగులు తీసే పేర్ల మధ్య ఆ మనుషులు కనిపించకపోవచ్చు. ఒమ్నిబస్‌లో ప్రతి సంచికకూ ఎవరు రాశారో, ఎవరు గీశారో, ఎవరు రంగులు వేశారో అచ్చయి ఉంటుంది. చదవడం అక్కడి నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.