వెదురు బ్యాటుకు అడ్డుగా నిలిచిన నిబంధన

ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువలో, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్ జిల్లాలో ఉన్న భోపాల్‌పట్నం చుట్టుపక్కల అడవుల్లో టేకుతో పాటు వెదురు విస్తారంగా పెరుగుతుంది; తెలుగు, గోండి మాటలు కలిసి వినిపించే ఈ సీమలో తట్ట, బుట్ట, చేట, దడి మొదలుకొని ఇంటి కప్పు వరకు వెదురు లేనిదే పని సాగదు. క్రికెట్ బ్యాటుగా మాత్రం ఈ వెదురు చెల్లదు. బ్యాటు పలక పూర్తిగా కలపతోనే ఉండాలని ఆట నిబంధన చెబుతుండగా, వృక్షశాస్త్రం వెదురును గడ్డిజాతిలో చేర్చింది.

మేటి బ్యాట్లకు వాడే ఇంగ్లండు విల్లో కలప తేలికగా ఉంటుంది, బంతి దెబ్బకు సులభంగా చీలదు. దాని ముఖాన్ని యంత్రంలో అదిమి, ఆపై కొయ్య సుత్తితో గంటల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. టీ20 ఆట వచ్చాక, బరువు పెరగకుండా మందం పెరగాలని బ్యాటర్లు కోరడంతో, తయారీదారులు కలపలోని తేమను బాగా తగ్గించి అంచులు లావుగా చెక్కసాగారు. ఇలా ఎండిన కలప త్వరగా పగులుతుంది. బంతికీ బ్యాటుకూ మధ్య సమతూకం చెడుతోందని గుర్తించి, నిబంధనలకు బాధ్యత వహించే ఎం.సి.సి. 2017 అక్టోబరు 1 నుంచి పలక మందం 67 మిల్లీమీటర్లకు, అంచు 40 మిల్లీమీటర్లకు మించరాదని హద్దు విధించింది. ఆకారానికి హద్దు ఏర్పడినా ముడిసరుకు కొరత తీరలేదు, ఎందుకంటే విల్లో చెట్టు కోతకు రావడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది, చెక్కడంలో కొంత కలప వృథా అవుతుంది.

ఈ నేపథ్యంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన దర్శిల్ షా, బెన్ టింక్లర్-డేవీస్ వెదురును బద్దలుగా చీల్చి, నునుపు చేసి, జిగురుతో పొరలుగా అతికించి బ్యాటును రూపొందించి, 2021లో ఫలితాలను వెల్లడించారు. బంతి తగిలినప్పుడు పలక వంగి కంపిస్తుంది. ఆ కంపనంలో ఖర్చయిన శక్తి బంతికి తిరిగి చేరదు. చేతులకు అదురు తక్కువగా, బంతికి వేగం ఎక్కువగా అందే భాగాన్ని స్వీట్ స్పాట్ అంటారు. నిలువునా దట్టమైన నారలున్న వెదురు పలక వంగుడును విల్లో కంటే 22 శాతం అధికంగా నిరోధించిందని, దాని స్వీట్ స్పాట్ మరింత విశాలమై బ్యాటు కొనవైపు జరిగిందని వారు కనుగొన్నారు. అయితే వెదురు విల్లో కంటే బరువైనది కనుక, పలకను పలుచగా మలచక తప్పదు.

నిబంధనకూ ఒక చరిత్ర ఉంది. 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగడం వివాదమైన తరువాత, పలక కలపదే కావాలన్న షరతు నిబంధనల్లో చేరింది. లోహాన్ని ఆపడానికి పెట్టిన ఆ షరతే నేడు వెదురునూ ఆపుతోంది. పైగా పెద్దల బ్యాట్లలో పొరలు అతికించడం కుదరదని ఎం.సి.సి. 2021లో స్పష్టం చేసింది. అయితే నిబంధనలు మారనివేమీ కావు. మన దేశంలో 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించి, అడవి బయట పెంచినదాన్ని నరకడానికి, తరలించడానికి కూడా అనుమతుల చిక్కు తెచ్చింది. 2017 సవరణతోనే ఆ చిక్కు తొలగింది. చట్టం మారగలదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించినందువల్ల, దానిపై వచ్చే రాబడి అడవిలో బతికేవారికే చెందవలసి ఉంది.

భోపాల్‌పట్నం ఉన్న బస్తరు ప్రాంతపు అడవుల్లోని సాధన వెదురు లోపల బోలు తక్కువగా ఉండి, లాఠీలకు పేరుపొందింది. దీనిని బ్యాటుగా మలచాలంటే కణుపుల వద్ద నార వంకర తిరగడాన్ని, పిండిపదార్థం కోసం చేరే పుచ్చు పురుగును, జిగురు పట్టును ముందుగా పరీక్షించాలి. బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెట్టడం పురుగుకు తెలిసిన విరుగుడే. హైదరాబాదు నుంచి భోపాల్‌పట్నానికి సాగే 163వ జాతీయ రహదారి మీదనే వరంగల్ నిట్ ఉన్నందున, అక్కడి ఇంజనీర్లు బస్తరు మేదరుల నైపుణ్యాన్ని తోడు చేసుకొని ఈ పరీక్షలకు పూనుకోవాలి. పాఠశాల, గ్రామీణ పోటీల నిర్వాహకులు వెదురు బ్యాటును ప్రయోగాత్మకంగా అనుమతించాలి.