మీకు తెలుసా? రంగు వేయకుండానే ఇటుక ఛాయ

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రరాతి నేల వన్నెకు దగ్గరగా, రంగు చుక్క వాడకుండానే, బ్లాక్ అండ్ వైట్ కాగితం మీద ఫొటో ప్రింట్ తీయవచ్చు. ఆ పద్ధతి పేరు లిత్ ప్రింట్.

ఆఫ్‌సెట్ అచ్చుకు ఒకప్పుడు విరివిగా వాడిన లిత్ ఫిల్మును కడిగే డెవలపరే దీనికీ ఆధారం. అందులో హైడ్రోక్వినోన్ ఉంటుంది, సల్ఫైట్ చాలా తక్కువ. కాగితానికి మామూలుకన్నా 4 నుంచి 8 రెట్లు వెలుతురు ఇచ్చి, బాగా పలచన చేసిన ఆ ద్రావణంలో ముంచుతారు. నిమిషాల తరబడి పెద్దగా మార్పేమీ కనిపించదు. తర్వాత నీడలున్న చోట నలుపు మొదలవుతుంది. అక్కడ పుట్టే రసాయనమే పక్కనున్న రేణువులనూ తొందరపెడుతుంది కనక, ఆ నలుపు ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. సరిగ్గా అప్పుడే కాగితాన్ని ఎత్తి, డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌లో వేయాలి. కాస్త ఆలస్యమైతే నీడలన్నీ మసి! లేత భాగాల్లో వెండి రేణువులు ఇంకా సూక్ష్మంగానే ఉండటంవల్ల గులాబీ, ఇటుక, గోధుమ ఛాయలు వస్తాయి.

ఒకే నెగటివ్ నుంచి అచ్చం ఒకేలాంటి రెండు ప్రింట్లు రావడం కష్టం. నా దృష్టిలో దీని విలువంతా అందులోనే ఉంది.

అన్ని కాగితాలూ దీనికి లొంగవు. మీ ఇంట్లో పాత ఫొటో పేపరు పెట్టె ఉంటే పారేయకండి, అది లొంగే రకం కావచ్చు. డార్క్‌రూమ్‌లో ఎర్ర సేఫ్‌లైట్ కిందే తెరిచి, ఒక ముక్కతో పరీక్షించండి.