కరవు మేత - నెమరు వేసే పశువు : మందుల వాడకంలో జాగ్రత్తలు

2022లో రెండు జిల్లాలుగా విడిన ఉమ్మడి అనంతపురం ప్రాంతంలో ఏటా కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ చేతికి రాని ఏడాది ఎన్నో కుటుంబాలకు పాలడబ్బులే ఆధారం. పంటతోపాటు పశువుల ముఖ్య మేత అయిన వేరుశనగ కట్టె కూడా కొరవడుతుంది. దొరికినదేదో పెట్టి పశువును నిలుపుకోవలసిన ఆ రోజులలోనే జీర్ణసంబంధమైన ప్రమాదాలు అధికం.

నిజానికి పీచు మేతను అరిగించేది ఆవు కాదు. పొట్టలోని నాలుగు గదులలో పెద్దదైన రూమెన్‌లో నివసించే కోటానుకోట్ల సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆవుకు శక్తి ప్రధానంగా వీటినుండే లభిస్తుంది. మేత మారినపుడు ఈ జీవులు అలవాటు పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

గడ్డి లేదని అన్నమో, మొక్కజొన్న పిండో ఒక్కసారిగా ఎక్కువ పెట్టినచో రూమెన్‌లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పశువు మేత మాని, నెమరు ఆపుతుంది. చికిత్స ఆలస్యమైతే మరణిస్తుంది.

వరిగడ్డిలో మాంసకృత్తులు స్వల్పం. 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి 100 కిలోల గడ్డిపై చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి మెత్తబడి, సూక్ష్మజీవులకు నత్రజని అందుతుంది. అయితే యూరియా నీటిని నేరుగా తాగిన పశువు ప్రాణం దక్కడం కష్టం. ఆరు నెలలలోపు దూడలకు ఈ గడ్డి పెట్టరాదు.

బెట్టకు గిడసబారి, వానకు తిరిగి చిగిర్చిన లేత జొన్న మరొక ప్రమాదం. రైతులు ‘నాము’ అనేది దీనినే. రూమెన్‌లో సయనైడ్ విడుదలై పశువు నిమిషాలలో కూలిపోవచ్చు. సోడియం థయోసల్ఫేట్ ఇంజక్షన్ సకాలంలో అందితే బతికే అవకాశముంది.

మందుల వల్ల కలిగే నష్టం ఇంత త్వరగా బయటపడదు. పశువైద్యుని సలహా లేకుండా పెద్ద పశువుకు నోటిద్వారా యాంటిబయాటిక్ బిళ్లలు వేసినచో రోగక్రిములతోపాటు రూమెన్‌లోని మేలుచేసే జీవులూ నశిస్తాయి. జ్వరం తగ్గినా పశువు మేత ముట్టదు. దానిని రోగమే అనుకొని మళ్లీ అదే మందు వేయడం కూడా కద్దు. ఇటువంటి పశువుకు ఆరోగ్యంగా ఉన్న మరొక పశువు రూమెన్ ద్రవాన్ని గొట్టం ద్వారా పట్టించడం పశువైద్యంలో ఎప్పటినుండో ఉన్న చికిత్స. యాంటిబయాటిక్ వాడిన తరువాత నిర్ణీత గడువు ముగిసేవరకు ఆ పాలను అమ్మరాదు.

పశువు మేత మానినపుడు ముందురోజు ఏమి తిన్నదో, ఏ మందు వేశారో పశువైద్యాధికారికి దాచకుండా తెలపాలి. చికిత్స ఆ వివరంపైనే ఆధారపడి ఉంటుంది.