కారు వెనుక పడవ, పడవలో గాలపు కర్రలు

ఆదివారం తెల్లవారుజామున చెన్నపట్నంనుంచి ఈస్టు కోస్టు రోడ్డు మీదుగా వెళ్ళేవారికి, కారు వెనుక ట్రెయిలరు తగిలించి, దానిమీద చిన్న ఫైబరు పడవ నొకదానిని ఎక్కించుకొని పోయేవారు అప్పుడప్పుడు కనబడుతూ ఉంటారు. మా బావగారిదీ ఆ బాపతే. ఆయనకు పండుగప్ప పిచ్చి. ఇక్కడివారు కొడువా అంటారే, అదే. చేప దొరికిన రోజుకన్న దొరకని రోజులే ఎక్కువ. అయినా వారం తప్పరు.

పడవ నీటిలో ఉన్నప్పుడు గాలపు కర్రలు నిలబెట్టుకోవడానికి దాని అంచున గొట్టాలు అమర్చి ఉంటాయి. ఆ గొట్టాలు నీటిమీద వాడుకకు పెట్టినవే కాని రోడ్డుమీద వాడుకకు కాదు. ఈ సంగతి మాకు 2018లో తెలిసివచ్చింది.

ఆనాడు బయలుదేరేముందు, కర్రలు కారులోకి తీసుకుందామా అని నేనంటే, “ఫరవాలేదోయ్, అరగంట ప్రయాణమేగా” అన్నారు బావగారు. నాలుగు కర్రలూ గొట్టాలలో ఠీవిగా నిలబడి వచ్చాయి. వాటిలో ఒకటి మా మామగారి కాలంనాటి వెదురు కర్ర. వెదురును సన్నని మూడంచుల బద్దలుగా చీల్చి, ఆరు బద్దలు కలిపి అంటించి చేసినది. దాని చివర కొయ్య చేప ఎరా, దాని ముళ్ళూ అలాగే వేలాడుతున్నాయి.

ముట్టుకాడు వంతెన దాటేసరికి ఆ కర్ర గొట్టంలోనుంచి ఎగిరి రోడ్డుమీద పడింది. వెనుక మోటారు సైకిలుమీద ఒకాయన వస్తున్నాడు. ముందు టాంకుమీద చిన్న పిల్లవాడు. గాలపు దారం హాండిలుకు చుట్టుకున్నది. నైలాను దారం తెగిపోబట్టి సరిపోయింది. ఆ ముళ్ళు పిల్లవాడి ముఖానికి జానెడు దూరంలో ఆగినవి. బండి ఆపి ఆయన నాలుగు మాటలన్నాడు. అనవలసినవే. బావగారు చేతులు కట్టుకొని విన్నారు. విరిగిన కర్రను ఏరి డిక్కీలో పెట్టింది నేను. దాన్ని గురించి ఆయన ఆనాడు ఒక్క మాటా అడగలేదు.

ఎందుకిలా జరిగిందో తరువాత కూర్చుని ఆలోచించుకున్నాము. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో గాలి తాకిడి ఎంతో, 60లో దానికి నాలుగింతలు. నిలబెట్టిన కర్ర ఆ తాకిడికి వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. దీనికి తోడు, చిన్న ట్రెయిలరు కారులాగా మెత్తగా పోదు. ప్రతి గుంటకూ ఎగిరిపడుతుంది. రీలు బరువుతో కర్ర మొదలు గొట్టంలో కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది. దారం వదులైతే గాలికి ఊడి, ట్రెయిలరు చక్రాలకు చుట్టుకోవడం కూడా కద్దు.

కనుక మొదటి మాట: కర్రలు పడవలో కాదు, కారులో ఉండాలి. రెండు ముక్కల కర్రలైతే విడదీసి, గుడ్డ తొడుగు వేసి, నీళ్ళ పైపుల దుకాణంలో దొరికే మూడంగుళాల ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి రెండువైపులా మూతలు బిగించవచ్చు. లోపల రెండు కొసలా స్పాంజి ముక్క ఉండాలి. మా ఇంట్లో మా చెల్లెలి పాత చీరలు తొడుగులైనాయి. ఎరలన్నీ విప్పి పెట్టెలో వేయాలి, రీళ్ళు విడిగా సంచిలో పెట్టాలి. ఒకే ముక్క కర్రను విడదీయలేము గదా! దాన్ని ముందు సీట్ల మధ్యగా పడుకోబెట్టి, సన్నని కొస డ్రైవరు చేతికి అడ్డు రాకుండా, అద్దానికి తగలకుండా చూసి, మొదలును వెనుక గట్టిగా కట్టాలి. కొసను వెనుక తలుపువైపు ఉంచకండి. గాలపు కర్రల ప్రాణం తీసేది చేపకన్న కారు తలుపే.

కారులో చోటు లేక పడవలోనే పెట్టవలసివస్తే అంచుకన్న దిగువగా, అడుగున పడుకోబెట్టి, పాత సైకిలు ట్యూబు పట్టీలతో మూడుచోట్ల కట్టాలి. పైన కప్పే టార్పాలిను తాడు కర్రల మీదుగా బిగించకూడదు. కార్బను కర్రకు పడిన చిన్న గాటు కంటికి కనబడదు. నెల పోయాక మంచి చేప పడిన గడియలో అక్కడే విరుగుతుంది.

కార్బను మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. ఇది కర్ర నష్టంతో పోయేది కాదు. వెదురు కర్రల తరువాత గాజు పీచు కర్రలూ, 1970ల తొలి సంవత్సరాలలో కార్బను కర్రలూ బజారుకు వచ్చాయి. కార్బనులో విద్యుత్తు ప్రవహిస్తుంది. ట్రెయిలరుమీది పడవే మనిషెత్తు ఉంటుంది, అందులో ఏడడుగుల కర్ర నిలబెడితే ఎంత ఎత్తు పోతుందో చూడండి! తీరంలోని పల్లెలలో, సరుగుడు తోటల ప్రక్కన కరెంటు తీగలు కొన్నిచోట్ల కిందికి వేలాడుతుంటాయి. పడవను దింపేచోట ముందు తల పైకెత్తి చూడాలి. తీగలున్నచోట కర్రలు జోడించనే వద్దు. పడవ నీటిలో పడి, తీగలకు దూరంగా జరిగిన తరువాత జోడించుకోవచ్చు.

తిరుగు ప్రయాణానికి ముందు ఉప్పు పోయేటట్లు మంచినీటితో కడిగి, ఆరిన తరువాతనే గొట్టంలో పెట్టాలి. తడిగా మూతవేస్తే దారం పోయే ఉంగరాలు తుప్పుపడతాయి. వెదురైతే బూజు పడుతుంది.

బయలుదేరిన అయిదారు మైళ్ళకు ఒకసారి ఆగి కట్లు, ట్రెయిలరు గొలుసులు, వెనుక దీపాలు చూసుకోవడం ఇప్పుడు మా బావగారికి నియమమైంది. ఆ ఆగేచోట ఒక టీ కొట్టు కూడా ఉన్నది. కట్లు చూడడానికి రెండు నిమిషాలు, టీకి ఇరవై నిమిషాలు పడుతున్నది. మామగారి కర్ర మాత్రం రెండు ముక్కలుగా వారి ఇంటి బీరువామీద ఉన్నది. అతికించేవారికోసం ఆయన ఇంకా వెదకుతూనే ఉన్నారు.