మెషీన్ కాదు, ముందు మారిన చోటు చూడండి

ఒక పెద్ద సర్వర్ మీద సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే విడి కంప్యూటరే వర్చువల్ మెషీన్. దాన్ని మోసే అసలు సర్వర్‌ను హోస్ట్ అంటారు. ఆసుపత్రి బిల్లులు, కాలేజీ ప్రవేశాలు, ఆఫీసు జీతాల లెక్కలు ఇవాళ ఎక్కువగా ఇలాంటి మెషీన్లలోనే నడుస్తున్నాయి. వీటిని నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సొంతం చేసుకుంది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. దాంతో ఖర్చు లెక్కలు వేసుకుని ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ వంటి వేదికల మీదికి మెషీన్లను తరలించే పని ఊపందుకుంది. తరలించాక విండోస్ నీలి తెర చూపి ఆగిపోతే, లేదా నెట్‌వర్క్ అందకపోతే, చాలామంది మెషీన్ లోపలికే వెళ్తారు. అప్లికేషన్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, డేటాబేస్‌ను అనుమానిస్తారు. అది తప్పుదారి. నిన్నటిదాకా పనిచేసిన మెషీన్ లోపలి సరుకు రాత్రికి రాత్రి చెడదు. నారు పీకి వేరే మడిలో నాటాక వాడిపోతే ముందు చూడాల్సింది ఆ మడిలో నీరు, మట్టి. ఇక్కడా అంతే.

మొదలే కాని మెషీన్ సంగతి చూడండి. వీఎంవేర్ మెషీన్‌కు చూపించే డిస్క్ కంట్రోలర్ ఒకటి, ప్రాక్స్‌మాక్స్‌లో సాధారణంగా ఎంచుకునే వర్ట్-ఐఓ కంట్రోలర్ మరొకటి. వర్ట్-ఐఓ డ్రైవర్ విండోస్‌తో పాటు రాదు. కాబట్టి బూట్ అయ్యేటప్పుడు విండోస్ తన డిస్క్‌నే గుర్తించలేక 0x7B అనే కోడ్‌తో ఆగుతుంది. ఫైళ్లన్నీ భద్రంగానే ఉంటాయి. డిస్క్‌ను తాత్కాలికంగా సాటా పద్ధతిలో తగిలించి బూట్ చేసి, చిన్న వర్ట్-ఐఓ డిస్క్‌ను అదనంగా జతచేసి డ్రైవర్ ఎక్కించాక, అసలు డిస్క్‌ను వర్ట్-ఐఓకు మార్చుకుంటే సరిపోతుంది. పాత చోట యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయిన మెషీన్‌కు కొత్త చోట పాత బయోస్ ఎంచుకున్నా మెషీన్ లేవదు. ఇది తెలియక బ్యాకప్ నుంచి డేటాను మళ్లీ మళ్లీ పోసేవాళ్లు పోగొట్టుకునేది విలువైన సమయం.

నెట్‌వర్క్ విషయంలో చిక్కులు ఇంకా ఎక్కువ. వీఎంవేర్‌లో ఈఎన్ఎస్192 అని పిలిచిన నెట్‌వర్క్ కార్డును ప్రాక్స్‌మాక్స్‌లో లినక్స్ ఈఎన్ఎస్18 అని పిలవొచ్చు. ఐపీ అడ్రసు పాత పేరు మీదే రాసి ఉంటే కొత్త కార్డుకు అడ్రసే ఉండదు. విండోస్‌లోనైతే లేని పాత కార్డు కనిపించకుండా ఆ ఐపీని పట్టుకుని ఉంటుంది. మెషీన్ బయట చూస్తే, కొత్త హోస్ట్‌కు వెళ్లే స్విచ్ పోర్టులో మెషీన్ ఉండే వీల్యాన్‌ను (విడిగా వేరుచేసిన నెట్‌వర్క్ భాగాన్ని) అనుమతించకపోవచ్చు. అన్నిటికన్నా మోసం చేసేది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణంలో తేడా. మెషీన్ 9000 బైట్ల ప్యాకెట్లు పంపుతుంది, కొత్త దారి 1500 మాత్రమే మోస్తుంది అనుకుందాం. పింగ్ పంపేది కొద్ది బైట్లే కనుక చక్కగా జవాబొస్తుంది, లాగిన్ కూడా అవుతుంది, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో నిలిచిపోతుంది. పింగ్ వస్తోంది కదా అని అందరూ అప్లికేషన్ మీద పడతారు. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపి చూస్తే అసలు సంగతి ఒక్క నిమిషంలో తేలుతుంది.

వర్చువల్ మెషీన్ హార్డ్‌వేర్‌తో సంబంధం లేకుండా నడవడానికే పుట్టింది కదా, చోటు మారితే ఎందుకు తడబడాలి అని అడగొచ్చు. ఆ నమ్మకానికి ఆధారం ఉంది. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా తరలించే లైవ్ మైగ్రేషన్‌పై 2005లో కేంబ్రిడ్జ్, కోపెన్‌హాగెన్ పరిశోధకులు ప్రచురించిన పత్రంలో సేవ ఆగిన సమయం 60 మిల్లీసెకన్ల వరకూ తగ్గింది. కానీ మెషీన్‌కు హోస్ట్ ప్రాసెసర్‌ను ఉన్నదున్నట్టు చూపిస్తే ఆ స్వేచ్ఛ పోతుంది. ఒక ప్రోగ్రాం మొదలైనప్పుడు ప్రాసెసర్‌కు ఏవిఎక్స్-512 సూచనలు వచ్చా అని అడిగి, వచ్చని తెలిసి వాటినే వాడుతుంది. ఆ సూచనలు లేని పాత ప్రాసెసర్ మీదికి నడుస్తుండగానే తరలిస్తే అది కుప్పకూలుతుంది. అన్ని హోస్టుల మీదా మెషీన్లకు ఒకే స్థాయి ప్రాసెసర్‌ను చూపించే ఈవీసీ సదుపాయం వీఎంవేర్‌లో ఉన్నది ఇందుకే. గడియారం కూడా చోటును బట్టి మారొచ్చు. డొమైన్ లాగిన్ కోసం వాడే కెర్బెరోస్ సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు.

సేవ ఆగిపోయి జనం ఎదురుచూస్తుంటే కారణాలు వెతికే తీరిక ఎక్కడిది, రీబూట్ చేస్తే పోలేదా అనేది మరో మాట. ఆ తొందర న్యాయమైనదే. రీబూట్‌తో ప్రాసెసర్ చిక్కు నిజంగానే పోతుంది, ప్రోగ్రాం మళ్లీ అడిగి కొత్త జవాబు తీసుకుంటుంది కనుక. అయితే తర్వాతి తరలింపులో అదే చిక్కు తిరిగొస్తుంది, కారణం చెప్పే ఆనవాళ్లు రీబూట్‌తో చెరిగిపోయి ఉంటాయి. అంత అత్యవసరమైతే కొత్త మెషీన్‌ను ఆపి పాత హోస్ట్ మీది మెషీన్‌ను లేపడం మేలు. మధ్యలో కొత్త చోట చేరిన లావాదేవీలు ఉంటే మాత్రం ముందు వాటిని కాపాడుకోవాలి. పాత చోట మెషీన్ బాగా నడిస్తే తప్పు కొత్త చోటిదేనన్న గట్టి ఆధారం కూడా దొరుకుతుంది. రెండింటినీ ఒకేసారి మాత్రం నడపకూడదు. ఒకే ఐపీ కోసం పోట్లాడుకోవడమే కాదు, లావాదేవీలు రెండు చోట్లా విడివిడిగా నమోదై కలపడానికి వీల్లేకుండా పోతాయి. అందుకే తరలించే ముందే డిస్క్ కంట్రోలర్, బూట్ పద్ధతి, ఐపీ, వీల్యాన్, ఎంటీయూ, ప్రాసెసర్ రకం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కొత్త చోట నెలాఖరు లెక్కలు ఒకసారైనా సజావుగా పూర్తయ్యేదాకా పాత మెషీన్‌ను చెరిపేయకండి.